రెండు చేతులూ కలవని ఆకు

"మడవకండి, మడవకండి! ముందు చూడండి, తర్వాత గీయండి!" అంటూ టీచరమ్మ బల్లల మధ్య పరుగులాంటి నడకతో తిరుగుతోంది. ఒక చేతిలో నారింజ ఆకు, ఇంకో చేతిలో నీలం బాల్‌పెన్ను, ఆ పెన్ను మూత పళ్ల మధ్య. మూత తీయకుండానే మాట్లాడేస్తోంది కాబట్టి వెనక బల్లల వాళ్లకి సగం మాటలే అందుతున్నాయి. మిగతా సగం ఆమె చేతులు చెప్పేస్తున్నాయి.

పళ్లచెట్ల శిక్షణ తోటలో రేకుల షెడ్డు అది. ముందు బల్లల మీద ఎకరాల లెక్కన తోటలున్నవాళ్లు కూర్చున్నారు. వెనక బల్లల మీద పెరట్లో ఒక చెట్టో, డాబా మీద నాలుగు కుండీలో ఉన్నవాళ్లు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. బళ్లో మార్కుల్ని బట్టి సర్దుకున్నట్టు వాళ్లంతట వాళ్లే సర్దుకున్నారు. ముందు బల్లల్లో పెద్ద గొంతు లారీ బాబాయిది. ఏ కాయ గురించి మాట్లాడినా లారీల్లో కొలుస్తాడు కాబట్టి ఆ పేరు. వెనకవాళ్లకి "కుండీ బ్యాచ్" అని పేరు పెట్టింది కూడా ఆయనే.

"ఆకు మధ్యలో ఈనె ఉంది కదా, దానికి ఎడమవైపు ఒక సున్నా చుట్టండి. సరిగ్గా దాని ఎదురుగా కుడివైపు ఇంకో సున్నా. ఇప్పుడు రెండు సున్నాల్లోకీ చూడండి. రెండిట్లోనూ ఒకేలా పసుపు ఉందా? అయితే చెట్టుకి ఆకలి, ఎరువు పెడితే సరిపోతుంది. ఒక సున్నాలో పసుపు, ఇంకోదాంట్లో ఆకుపచ్చ ఉందా? అది ఆకలి కాదు, రోగం. దానికి మందు లేదు." చివరి మాట దగ్గర ఆమె మూత నోట్లోంచి తీసింది. ఆ ఒక్క మాట మాత్రం అందరికీ వినపడాలి.

వెనక బల్ల మీది టైలరమ్మ ఆకుని కిటికీ వెలుగుకి పెట్టి చూస్తోంది. ఊళ్లో సగం మంది చొక్కాలకి బొత్తాలు కుట్టిన చేతులు ఆమెవి. "అంటే చొక్కా చేతుల్లాగే అన్నమాట. ఒకదాని మీద ఒకటి పెడితే రెండూ కలవాలి. కలవకపోతే బట్ట చెడినట్టే."

"అబ్బ, ఎంత బాగా చెప్పారు పిన్నిగారూ!" టీచరమ్మ గంతేసినంత పని చేసింది. "ఇకనుంచి నేనూ అలాగే చెప్తాను. రెండు చేతులూ కలవాలి!"

అందరూ నవ్వారు. టైలరమ్మ మాత్రం సగం నవ్వి ఆగిపోయింది. ఎవరి చెట్టు ఆకులు వాళ్లే తెచ్చుకోమన్నారు కాబట్టి ఆమె చేతిలో ఉన్నది తన పెరటి చెట్టు ఆకే. ఎడమ సున్నాలో పసుపు. కుడి సున్నాలో నిగనిగలాడే పచ్చ. ఇంకో ఆకు తీసి గీసింది. ఇంకోటి గీసింది.

లారీ బాబాయి మెడ వెనక్కి తిప్పి చూశాడు. ఆయన నారింజ తోటకీ, ఆమె పెరడుకీ మధ్య ఒక్క గోడే అడ్డం.

"చూశారా! నేను అంటూనే ఉన్నా. మా గోడ పక్క వరస ఎందుకు డల్లుగా ఉందో ఇప్పుడు తెలిసింది. ఇంటి చెట్లకి మందూ మాకూ ఎవరు కొడతారు? చిలకలు తిన్నన్ని తింటాయి, మిగిలింది మనం తింటాం అంటారు. అదేం చెట్టోగానీ మొక్కప్పుడే అనుకున్నా. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?"

"నా చెట్టుకి ఆవెక్కడుంది అన్నయ్యా? ఉన్నది ఒక్కటే చెట్టు," అంది టైలరమ్మ. ఆకుల్ని ఒక దాని మీద ఒకటి పేర్చి, రుమాల్లో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుంది. ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు సంచి ఒళ్లో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ ఆమె పెరట్లో ఉన్నారు: టీచరమ్మ, లారీ బాబాయి, తోట పెద్దాయన. పెద్దాయన అంటే శిక్షణ తోటకి పెద్ద. ఈ చుట్టుపక్కల నారింజ అంటు కట్టిన ప్రతి చెయ్యీ ఆయన దగ్గర నేర్చుకున్నదే. టీచరమ్మ చెయ్యీ అంతే. అంటుకత్తి ఎలా పట్టుకోవాలో, బెరడుని కొమ్మకి తెలియకుండా ఎలా విప్పాలో ఆయనే నేర్పాడు. నేర్పి, "ఈ అమ్మాయికి గొంతుంది, పాఠాలు ఈమెకిద్దాం" అని తనే ఉద్యోగంలో పెట్టుకున్నాడు.

పెరడు అంటే ఎంత? బట్టలారేసే తీగ, నీళ్ల తొట్టి, కుట్టుమిషను గది కిటికీ, ఆ కిటికీకి ఎదురుగా చెట్టు. కూర్చుని కుడుతూ తలెత్తితే కనపడేలా నాటుకుంది. కాండం చుట్టూ పళ్లెంలా తవ్విన పాదు, పాదులో పాత గోనెబట్ట కప్పు. కిందటిసారి క్లాసులో చెప్పింది చెప్పినట్టు చేసింది. కాయలు మాత్రం ఒక పక్కకి ఒరిగి, కింది సగం పచ్చగానే ఉండిపోయాయి.

పెద్దాయన కొమ్మ చివర లేత చిగురు తిప్పి చూపించాడు. తల కిందికీ తోక పైకీ పెట్టి, బియ్యపు నూకంత పురుగొకటి కూర్చుని ఉంది.

"ఇదే మోసేది," అన్నాడు. "ఈ చెట్టు రసం పీల్చి పక్క చెట్టు మీద వాలితే చాలు."

"పక్కన ఉన్నది నా తోటే," అన్నాడు లారీ బాబాయి.

"తీసెయ్యాల్సిందే తల్లీ." పెద్దాయన గొంతు మెత్తగానే ఉంది. "ఎలాగూ క్లాసు చివరి రోజు ప్రాక్టికల్ ఉంది. జబ్బు చెట్టుని ఎలా తీయాలో అందరికీ చూపించాలి. ఇక్కడే చూపిద్దాం. పురుగుకి మందు కొట్టడం, కోయడం, వేరు పెకలించడం అన్నీ మేమే చేస్తాం. నీకు శ్రమ ఉండదు."

టైలరమ్మ తీగ మీది క్లిప్పులు ఒక్కొక్కటీ తీసి దోసిట్లో వేసుకుంటోంది. ఆరేసిన బట్టలేం లేవు. "రోగం నా చెట్టుకి ఎక్కణ్ణుంచి వచ్చింది సార్?"

"గాలికి వస్తుంది, పురుగుకి వస్తుంది. ఎక్కణ్ణుంచని చెప్తాం?"

"మీ తోటలో ఇచ్చిన మొక్కే కదా. రెండు ఆకులున్నప్పుడు తెచ్చుకున్నాను."

"మొక్క మంచిదేనమ్మా. మా తల్లిచెట్టు కొమ్మ నుంచి తీసిన మొగ్గ, అదే కన్ను, పెట్టి పెంచింది."

"చెట్టు పోతే పోనివ్వండి." క్లిప్పుల దోసిలి కిటికీ అరుగు మీద ఒంపింది. "మందు లేదని టీచరమ్మ చెప్పాక పట్టుకుని వేలాడను. కానీ టైలరమ్మ చెట్టు వల్లే అందరి తోటలూ పోయాయన్న మాట ఉందే, అది నాకొద్దు సార్. ఇదే వీధిలో బతకాలి. ఇదే గోడ పక్కన."

టీచరమ్మకి ఏదో అనాలని ఉంది. ఆమెకి ఎప్పుడూ ఏదో అనాలనే ఉంటుంది. కానీ పాఠంలో దీనికి మాటల్లేవు. పెద్దాయన గేటు వైపు నడిచాడు. లారీ బాబాయి మాత్రం వెళ్తూ వెళ్తూ, "బాధపడకు చెల్లెమ్మా, మా కాయలు ఒక బుట్ట పంపిస్తాలే," అన్నాడు. నిజంగా మంచి మనసుతోనే అన్నాడు. అదే ఆమెకి ఇంకా గుచ్చుకుంది.

మూడో రోజు టీచరమ్మకి లేటయింది. ఆ రోజు పాఠం అంటుకట్టడం. కన్ను ఏ కొమ్మ నుంచి తీయాలి, ఆరోగ్యమైన కొమ్మ ఎలా ఉంటుంది. "ఆరోగ్యమైన ఆకు" అని చూపించడానికి ఆకులు కావాలి. ఆమె ఆలోచించనే లేదు. నేరుగా తల్లిచెట్టు దగ్గరికి పరిగెత్తి, వెనక పక్క కంచె సందులోంచి చెయ్యి దూర్చి, అందిన కింది కొమ్మ నుంచి గుప్పెడు ఆకులు దూసుకుని సంచిలో కుక్కుకుని షెడ్డులోకి వచ్చేసింది. బంగారం ఎలా ఉంటుందో చూపించాలంటే బంగారం కొట్టుకే వెళ్తాం కదా!

తల్లిచెట్టు తోట మధ్యలో, ఇనుప కంచె లోపల ఉంటుంది. ఈ చుట్టుపక్కల తోటల్లోని నారింజలన్నిటికీ అదే తల్లి. దాని కన్నుల్ని పెద్దాయన తప్ప ఎవరూ కోయరు. ప్రతి ఏడూ తనే కంచె తాళం తీసి, తనే కొమ్మలు కోసి, తడిగుడ్డలో చుట్టి, పసిపిల్లని తెచ్చినట్టు రెండు చేతుల మీద తెస్తాడు.

"ఇదిగో, ఇలా." టీచరమ్మ వేరు కోసం పెంచిన నాటు మొక్క బెరడు మీద అడ్డంగా ఒక గాటు, నిలువుగా ఒక గాటు పెట్టింది. కత్తి వెనక అంచుతో బెరడు రెక్కల్ని విప్పి, గోరంత కన్నుని లోపలికి జార్చి, ప్లాస్టిక్ పట్టీ చుట్టింది. "తల్లిది ఏ గుణమో పిల్లదీ అదే గుణం. తీపైతే తీపే, పులుపైతే పులుపే. అందుకే తల్లి ఆరోగ్యం ముఖ్యం. ఆరోగ్యమైన ఆకు ఎలా ఉంటుందో చూడండి, తలా ఒకటి తీసుకుని పక్కకి ఇవ్వండి."

ఆకులు బల్లల మీదుగా వెనక్కి వెళ్లాయి. టైలరమ్మ తన ఆకు మీద అలవాటుగా రెండు సున్నాలు చుట్టింది. చుట్టి, దగ్గరగా చూసి, దూరంగా పెట్టి చూసి, అంది:

"టీచరమ్మా, దీనికీ రెండు చేతులూ కలవట్లేదు."

షెడ్డంతా గొల్లుమంది. లారీ బాబాయి అందరికంటే ముందు అందుకున్నాడు. "ఇంకేం! టైలరమ్మకి ఇవాళ ఎటు చూసినా వంకర కుట్లే!"

"ముదురాకు అయుంటుంది పిన్నిగారూ, పక్కన పెట్టెయ్యండి," అనేసింది టీచరమ్మ. నవ్వుతూనే అంది, తర్వాతి అంటు కోసం కత్తి తుడుచుకుంటూ అంది, అనేసి ముందుకెళ్లిపోయింది. టైలరమ్మ ఆకుని పక్కన పెట్టింది.

క్లాసు అయ్యాక షెడ్డు ఊడుస్తుంటే ఆ ఆకు బల్ల మీదే కనపడింది. చుట్టిన సున్నాలు కుట్టినంత నున్నగా ఉన్నాయి. టీచరమ్మ చీపురు చంకలో పెట్టుకుని ఆకు చూసింది. ముదురాకు కాదు. ఇంకా మెత్తగానే ఉంది. కింద పడ్డ ఆకులన్నీ ఏరి, బల్ల మీద పరిచి, పెన్ను తీసింది. ఈసారి మూత నోట్లో పెట్టుకోలేదు. కొన్నిట్లో రెండు సున్నాలూ కలిశాయి. కొన్నిట్లో కలవలేదు.

ఇంకా ఎండ ఉండగానే స్టూలు మోసుకుని కంచె దగ్గరికి వెళ్లింది. దారి వైపు నుంచి చూస్తే చెట్టు చక్కగా, నిండుగా ఉంది. వెనక గోడ వైపు కన్నుల కోతకి తప్ప ఎవరూ వెళ్లరు. అక్కడ ఒక కొమ్మ, చేతికి సులువుగా అందే కింది కొమ్మ, పసుపూ పచ్చా కలిసిపోయి ఉంది. కాయలు ఒక పక్కకి ఒరిగాయి. కింది సగం పచ్చ. కొమ్మ పొడుగునా ఏళ్లుగా కన్నులు కోసిన గుర్తులు. ఆమె ఆ కొమ్మ నుంచి ఇంకొన్ని ఆకులు కోసుకుని స్టూలు దిగింది.

పెద్దాయన అంటుమొక్కల షెడ్డులో కత్తికి నూనె రాస్తున్నాడు. ఆమె ఆకులు ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకోలేదు.

"ఎవరు చూశారు?"

"నేను చూశాను సార్. నాకంటే ముందు పిన్నిగారు చూశారు. చూసి చెప్పారు కూడా. నేనే నోరు మూయించాను."

"ఒక కొమ్మేగా?"

"మనం కన్నులు కోసే కొమ్మ సార్."

కత్తి మడిచాడు, విప్పాడు, మళ్లీ నూనె రాశాడు. "ఈ క్లాసు అవనీ అమ్మాయ్. తర్వాత మనిద్దరం నిదానంగా చూద్దాం. పరీక్షకి పంపుదాం."

"అప్పటికి ఆవిడ చెట్టు ఉండదు సార్."

"ఆవిడ చెట్టు ఎలాగూ పోయేదే."

"చెట్టు పోయేదే సార్. మాట ఉండిపోతుంది కదా." ఊపిరి తీసుకుంది. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేశాయి. "రేపు నేను చెప్పేస్తాను సార్. మీరు వద్దన్నా చెప్తాను. మీరే నేర్పారు కదా, తల్లి ఆరోగ్యం ముందని, ఇవాళ క్లాసులో అదే చెప్పాను, చెప్తూ ఈ ఆకులే పంచాను, నాకు... నాకు సిగ్గుగా ఉంది సార్."

అనేశాక భయం వేసింది. ఉద్యోగం ఇచ్చిన మనిషి ఆయన. కత్తి పట్టుకోవడం నేర్పిన మనిషి. ఆయన కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. ఆకుల్ని వేలితో ఒక్కొక్కటిగా జరుపుతూ, "వెళ్లేటప్పుడు తలుపు దగ్గరికి వేసి వెళ్లు," అన్నాడు.

చివరి రోజు పొద్దున అందరూ టైలరమ్మ పెరట్లో చేరారు. పెరడు చాలక కొందరు నీళ్ల తొట్టి గట్టు ఎక్కారు. మందు పంపు, రంపం, గడ్డపారలు గోడకి ఆనించి ఉన్నాయి. టైలరమ్మ పాదులోని గోనెబట్ట తీసి, దులిపి, మడిచి పెట్టింది. తీగ విప్పేసింది. అందరికీ టీ ఇచ్చింది కూడా. తన చెట్టుని కోయడానికి వచ్చినవాళ్లకి టీ ఇస్తున్న ఆమె మొహం చూడలేక టీచరమ్మ గ్లాసులోకి చూస్తూ నిలబడింది. దారంతా బట్టీపట్టిన మాటలు ఉన్నాయి. వాటిని లోపల్లోపలే మళ్లీ ఒకసారి అప్పజెప్పుకుంది.

"పెద్దాయనేడీ? ఎండెక్కుతోంది," అన్నాడు లారీ బాబాయి. "కోతకి ముహూర్తం పెట్టారా ఏంటి?"

టీచరమ్మ గ్లాసు కింద పెట్టింది. "అందరూ ఒక్క నిమిషం..." అని మొదలుపెట్టబోతుంటే గేటు చప్పుడైంది. పెద్దాయన. చేతిలో స్టీలు పళ్లెం, పళ్లెం మీద తడిగుడ్డ. పసిపిల్లని తెచ్చినట్టే తెచ్చాడు. గుడ్డ తీశాడు. సగానికి కోసిన నారింజలు.

"తీసుకోండి. తినడానికి కాదు, చూడ్డానికి. కాయ మధ్యలో నిట్రాడులా నిలబడే తెల్లటి కాడ చూడండి, వంకర తిరిగింది. గింజలు చూడండి, నల్లగా ఎండిపోయాయి. ఒక పక్క తొక్క మందం. ఇదీ రోగం. ఆకు చూసి అనుమానపడాలి, కాయ కోసి నమ్మాలి."

సగాలు చేతులు మారాయి. ముందువాళ్లు చూసి వెనకవాళ్లకిచ్చారు.

"ఇవి ఎవరి చెట్టు కాయలు?" అడిగాడు పెద్దాయన.

అందరూ టైలరమ్మ వైపు చూశారు. లారీ బాబాయి, "ఇంకెవరివండీ, కళ్ల ముందే ఉందిగా చెట్టు," అన్నాడు.

"నావి," అన్నాడు పెద్దాయన.

టైలరమ్మ చేతిలోని ఖాళీ గ్లాసులు ఒక్కసారి గలగలమని ఆగాయి.

"తల్లిచెట్టువి. పొద్దున నేనే కోశాను. మొన్న క్లాసులో బాబాయి అన్నాడట కదా, ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని. ఆ ఆవు నాది. టైలరమ్మ చెట్టుకి రోగం గాలికి రాలేదు. నేను చేతులారా పెట్టిచ్చిన కన్నులోనే వచ్చింది. నా చెట్టుకి కూడా వస్తుందని నాకెప్పుడూ తట్టలేదు. అందరి చెట్లూ తిరిగి చూశాను, దాని వెనక్కి వెళ్లి కన్నులు కోయడమే గానీ ఆకు తిప్పి చూడలేదు." ఆగి, టీచరమ్మ వైపు తిరిగాడు. "ఈ అమ్మాయి చూసింది. ఈ అమ్మాయి కంటే ముందు టైలరమ్మ చూసింది. మనం నవ్వాం."

"నేనే ముదురాకు అన్నాను పిన్నిగారూ," అంది టీచరమ్మ. బట్టీపట్టిన మాటలన్నీ పోయి ఇదొక్కటే వచ్చింది.

టైలరమ్మ గ్లాసులు అరుగు మీద పెట్టి, చేతులు తుడుచుకుని, చెట్టు కాండం మీద అరచెయ్యి ఆనించింది. "విన్నావా," అంది చెట్టుతో. అంతే.

"నా కన్నులు పట్టుకెళ్లిన ప్రతి తోటా మళ్లీ చూడాలి," అన్నాడు పెద్దాయన. "పెద్దదైనా, పెరడైనా. నేనే వస్తాను."

ముందు వరసలో గొంతులు లేచాయి. ఇంత తోట ఏంగాను అని ఒకరు, ముందే చెప్పొద్దా అని ఒకరు. పెద్దాయన అన్నిటికీ తలూపాడు. లారీ బాబాయి మాత్రం చెప్పులతో మట్టి గీస్తున్నాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నట్టు గోడ వైపు రెండుసార్లు చూశాడు.

"మా గోడ వరసలో..." అని గొంతు సవరించుకున్నాడు. ఆ పెద్ద గొంతు ఇంత చిన్నగా రావడం అంతకుముందు ఎవరూ వినలేదు. "కిందటేడే కొన్ని పసుపు ఆకులు కనపడ్డాయి. ఎవరైనా చూస్తే కాయ కొనరని దులిపించేశా. చెల్లెమ్మ చెట్టు అప్పటికి పచ్చగానే ఉంది."

"మరి నాకు కాయలు ఏ వరసలోవి పంపుదామనుకున్నావు అన్నయ్యా?" అంది టైలరమ్మ.

ముందుగా తొట్టి గట్టు మీదివాళ్లు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. లారీ బాబాయి చెవులదాకా ఎర్రబడి, తనూ నవ్వేశాడు.

ప్రాక్టికల్ తల్లిచెట్టు మీదే జరిగింది. అందరూ నడిచి తోటకి వెళ్లారు. పెద్దాయన కంచె తాళం తీసి, ఆ తాళాన్ని జేబులో కాకుండా గడ్డిలోకి విసిరేశాడు. ముందు పురుగు లేవకుండా మందు కొట్టించాడు. అది ఆరాక రంపం తనే పట్టుకున్నాడు. సగం కోసి చెమట తుడుచుకోవడానికి ఆగాడు. రెండో పిడి టీచరమ్మ అందుకుంది. ఒకరి తర్వాత ఒకరు లాగుతుంటే రంపపు పొట్టు పచ్చి నారింజ తొక్క వాసనతో వాళ్ల పాదాల మీద రాలింది. మధ్యలో ఒక్కసారి ఆయన, "నిదానం అమ్మాయ్, రంపాన్ని తొయ్యకు, దాన్నే రానీ," అన్నాడు. కత్తి పట్టుకోవడం నేర్పినప్పటి గొంతుతోనే.

మధ్యాహ్నం టైలరమ్మ చెట్టు. ఆమె ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మందు మాత్రం కొట్టించుకుని, కొమ్మకొమ్మా తనే కోసింది, బట్ట కోసినట్టు, ఎక్కడ ఆపాలో ముందే చూసుకుని. చివరికి కాండం దగ్గర లారీ బాబాయి గోడ దూకి వచ్చి ఎదురుగా కూర్చుని రంపం రెండో కొస పట్టుకున్నాడు. ఆమె రంపాన్ని తన వైపు లాగింది.

సాయంత్రానికి కిటికీ ఎదురుగా ఆకాశం ఎక్కువైపోయింది. ఆ వెలుగులో కుట్టుమిషను టకటకలాడుతోంది. బల్ల మీద, నేల మీద, టీచరమ్మ ఒళ్లో, ఎక్కడ చూసినా తెల్లటి దోమతెరలాంటి వల. పరీక్ష చేసిన కొత్త తల్లిమొక్క వేరే తోట నుంచి వస్తుంది. దాన్ని ఇక కంచె లోపల కాదు, పురుగు దూరని వల లోపల పెంచాలి. వల చుట్ట లారీ బాబాయి తన గోడౌన్ నుంచి మోసుకొచ్చి పడేశాడు. కుట్టేవాళ్లు ఎవరని పెద్దాయన అడగనే లేదు. అడగడానికి మొహం చెల్లలేదు. టైలరమ్మే వల అంచు వేళ్లతో నలిపి చూసి, "దీనికి సన్నసూది కావాలి," అని మిషను దగ్గర కూర్చుంది.

"మొక్క నా మోకాలంత ఉంటుంది పిన్నిగారూ, ఇంత పొడుగు ఎందుకు?"

"ఇవాళ్టి కొలతకి కుడితే రేపు విప్పి కుట్టాలి. ఎదిగే పిల్లకి మడతలో బట్ట వదలాలి. అది కొంచెం లాగి పట్టుకోండి."

గోడ అవతలి నుంచి కేక వచ్చింది. "చెల్లెమ్మా! రేపు మా వరస తీస్తున్నా. వస్తావా?"

"వస్తాను అన్నయ్యా. రంపం నాదే తెచ్చుకుంటా. నీ రంపం రొట్టె కూడా కోయదు!"

టీచరమ్మ పకపకా నవ్వింది. టైలరమ్మ చివరి ముక్కలు తీసింది. వలలో ఇంకా రెండు కుట్టాలి. లోపలి మొక్కని తలుపు తీయకుండా ముట్టుకోవడానికి, మోచేతుల దాకా చెయ్యి దూర్చుకునేలా రెండు పొడుగాటి చేతులు. ఒకటి కుట్టింది. రెండోది కుట్టింది. దారం పంటితో తెంపి, రెండిటినీ ఒకదాని మీద ఒకటి పరిచి, అరచేత్తో సాపు చేసి, కిటికీ వెలుగుకి ఎత్తి చూసింది.

కలిశాయి.